మనది కాని ఉత్తరానికి జవాబు

(ఆయన గోదావరి జిల్లాల్లో సబ్ పోస్టుమాస్టరుగా పనిచేసి రిటైరై కాకినాడలో స్థిరపడ్డారు. ఆమె ఆయన తమ్ముడి కూతురు. హైదరాబాదులో ఒక బ్యాంకులో మోసాల ఫిర్యాదులు చూసే విభాగంలో ఉద్యోగం. సెలవులకు వచ్చింది. వాదన మధ్యాహ్నం కాఫీతో మొదలైంది.)

పెదనాన్న: ఇలా కూర్చో అమ్మాయ్, ఒక ఉత్తరం చదువుతాను. న్యూజెర్సీలో ఒక పళ్ళ డాక్టరు రాశాడు. ‘మీరు పళ్ళు శుభ్రం చేయించుకుని ఆరు నెలలైంది, మంగళవారం పదింటికి రండి’ అని. నా జవాబు విను. “అయ్యా, మీ పిలుపుకి సంతోషం. నేనుండేది కాకినాడ. మంగళవారం పదింటికి మీ గుమ్మంలో ఉండాలంటే ఆదివారమే బయల్దేరాలి. ఆ టిక్కెట్టు డబ్బుతో ఇక్కడ మా వీధి వీధంతా పళ్ళు కట్టించుకోవచ్చు. పైగా నా పళ్ళు రాత్రిపూట గ్లాసులో పడుకుంటాయి కాబట్టి రోజూ శుభ్రపడుతున్నాయి. మీరు వెతుకుతున్నది నా పేరే గల మరొకరిని. ఆయనకి సొంత పళ్ళు ఉన్నాయనుకుంటాను. ఫోన్ నంబరు మీ రిజిస్టర్లో ఉంటుంది, ఒకసారి పిలిచి సరైన అడ్రసు రాసుకోండి. ఆయన పళ్ళకి నన్ను పూచీ చేయకండి.”

అమ్మాయి: బావుంది పెదనాన్నా. కానీ పంపకండి.

పెదనాన్న: పంపేశాను.

అమ్మాయి: అదే మీతో వచ్చిన చిక్కు. అసలు ఆ ఉత్తరం మీకెందుకొచ్చిందో తెలుసా? జీమెయిల్లో పేరు మధ్య చుక్క పెట్టినా, పెట్టకపోయినా ఒకటే అడ్రసు. మీరు తొలినాళ్ళలోనే తీసుకున్నారు కాబట్టి ఇంటిపేరు పొడి అక్షరం, పేరు, అంతే, శుభ్రంగా దొరికింది. వెనకొచ్చినవాళ్ళకి అదే పేరు కావాలంటే చివర అంకెలు తగిలించుకోక తప్పలేదు. క్లినిక్కులో ఫారం నింపేటప్పుడు ఆ అంకెలు మర్చిపోతే ఉత్తరం నేరుగా మీ ఇంటికే.

పెదనాన్న: మర్చిపోక ఏం చేస్తారు? ఇంటిపేరుని ఒక్క అక్షరానికి కుదించేసి, ఆ వేంకటేశ్వరుడి పేర్లే తిప్పి తిప్పి పెట్టుకునే జనం మనం. నా ఉద్యోగంలో ఒకే వీధిలో ఒకే పేరుగలవాళ్ళు ముగ్గురుండేవారు. మా పోస్ట్‌మ్యాన్ తండ్రి పేరు అడిగేవాడు. అదీ కలిస్తే ‘కోర్టు కేసున్న ఆయనా, కోళ్ళ ఫారమున్న ఆయనా?’ అనేవాడు. ఉత్తరం మాత్రం ఎవరికో ఒకరికి పడేసి పోయేవాడు కాదు.

అమ్మాయి: మీరిప్పుడు పోస్టుమాస్టరు కాదుగా.

పెదనాన్న: కాదు. అయినా తప్పు ఇంటికొచ్చిన ఉత్తరాన్ని ఏం చేయాలో ఆ ఉద్యోగమే నేర్పింది. కవరు మీద రిమార్కు రాయాలి. ‘లెఫ్ట్’, ‘నాట్ నోన్’, ‘రెఫ్యూజ్డ్’, ‘డోర్ లాక్డ్’, ఏదో ఒకటి. తారీఖు వేసి సంతకం పెట్టి వెనక్కి పంపాలి. పంపినవాడి అడ్రసు కూడా లేకపోతే అది రిటర్న్డ్ లెటర్ ఆఫీసుకి పోతుంది. అక్కడ విప్పి చూసేది కూడా లోపల ఎక్కడైనా అడ్రసు దొరుకుతుందేమోనని. ఎవరి ఉత్తరాన్నీ ఊరికే చెత్తబుట్టలో వేసే హక్కు మాకు లేదు. నేను రాసిన జవాబు ఒక రిమార్కే. కాస్త పొడుగైంది, అంతే.

అమ్మాయి: కవరు వెనక్కి పంపితే పోయేదేమీ లేదు. మెయిలు తెరిచి జవాబిస్తే మూడు నష్టాలు. ఒకటి, ఈ అడ్రసులో మనిషి బతికే ఉన్నాడు, చదువుతున్నాడు, టైపు కూడా చేస్తున్నాడు అని మీరే సాక్ష్యం చెప్పినట్టు. అలాంటి అడ్రసుకి చెత్త పంపేవాళ్ళ దగ్గర గిరాకీ ఎక్కువ. రెండు, ఉత్తరంలో కంటికి కనిపించనంత చిన్న బొమ్మ దాచి పంపుతారు. మీరు తెరవగానే అది వాళ్ళ సర్వరు నుంచి దిగుతుంది, మీరు ఎప్పుడు తెరిచారో వాళ్ళకి నమోదవుతుంది. మూడోది మీకు ఇట్టే అర్థమవుతుంది. మెయిల్లో ‘ఫ్రమ్’ దగ్గర ఎవరి పేరైనా రాసుకోవచ్చు. అది నిజమో కాదో చూడటానికి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని తనిఖీలు తర్వాత వచ్చి చేరాయి, ఇప్పటికీ అందరూ వాటిని సరిగ్గా పెట్టుకోలేదు. మీరు దొంగని వెక్కిరించాననుకుంటారు. ఆ వెక్కిరింత పోయి ఎవరో అమాయకుడి ఇన్‌బాక్సులో పడుతుంది.

పెదనాన్న: పోస్టుకార్డు మీద మాత్రం? ‘ఇట్లు, కలెక్టరు’ అని ఎవడైనా రాయొచ్చు. నీ మూడు మాటలూ ఒప్పుకుంటాను. అయితే అవి చెత్త పంపేవాడికి వర్తిస్తాయి. పళ్ళ డాక్టరు చెత్త పంపేవాడు కాదు. ఆయన దగ్గర కౌంటర్లో ఒక అమ్మాయి ఉంటుంది. ఫారంలో ఏముందో అదే టైపు చేసింది. నేను నోరు మూసుకుంటే ఆరు నెలలకోసారి నాకు పళ్ళ పిలుపు వస్తూనే ఉంటుంది, అక్కడ అతనికి రాదు. ఇవాళ పళ్ళు, రేపు రక్తపరీక్ష రిపోర్టు అయితే?

అమ్మాయి: అలాంటప్పుడు ‘పొరపాటున నాకు వచ్చింది, సరిచేసుకోగలరు’ అని ఒక్క ముక్క రాయండి. ఈ కవిత్వం దేనికి?

పెదనాన్న: ఆ ఒక్క ముక్క నేను రాయలేదనుకుంటున్నావా? పోయినసారి అదే రాశాను. ఎవరూ చదవలేదు, మళ్ళీ పిలుపొచ్చింది. రోజంతా ఒకే రకం ఉత్తరాలు చూసే గుమాస్తా కంటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. నేనూ ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే. అర్జీల్లో ఏదైనా ఒకటి నవ్వించిందంటే దాన్ని పక్కనున్నవాడికి చూపిస్తాం. ఇద్దరు చదివారంటే పని అయినట్టే. హాస్యం నా సరదా కోసం కాదమ్మా, వాళ్ళ కన్ను నిలవడం కోసం.

అమ్మాయి: మీ సరదా కోసం కూడా.

పెదనాన్న: కూడా. అందులో దాపరికమేముంది? అమెరికాలో జాన్ లూయిస్ అని ఒకాయన ఉన్నాడు, వర్జీనియాలో కంప్యూటర్ సైన్సు పాఠాలు చెప్పేవాడు. ట్విటర్ కొత్తలో తన పేరే ఖాతాగా పెట్టుకున్నాడు. ఇంగ్లండులో అదే పేరుతో పెద్ద దుకాణాల సంస్థ ఉంది. సోఫా రాలేదని, కర్టెన్ల రంగు వేరని, క్రిస్మస్ ప్రకటన చూసి ఏడుపొచ్చిందని జనం ఆయనకి రాస్తూనే ఉండేవారు. ఆయన విసుక్కోకుండా ఒక చమత్కారం చేసి, అసలు దుకాణం ఖాతా ఇదీ అని చూపించేవాడు. 2018లో ట్విటర్ వాళ్ళు క్రిస్మస్‌కి ఆయన్నే పెట్టి ప్రకటన తీశారు. ఆయన జవాబులో రెండూ ఉన్నాయి చూశావా? నవ్వూ ఉంది, సరైన అడ్రసూ ఉంది. అడ్రసు చెప్పకుండా నవ్వితే అది ఎగతాళి.

అమ్మాయి: ఆయనకి రాసేవాళ్ళు మనుషులు, తమ సొంత చేత్తో రాసినవాళ్ళు. మీకు వచ్చేవాటిలో అలాంటివి ఎన్ని? మిగతావన్నీ యంత్రాలు గుమ్మరించేవే. మీ రోజుల్లో దేవుడి పేరిట కార్డులు వచ్చేవి కదా, ‘ఇది చదివిన వెంటనే 21 మందికి రాయకపోతే అరిష్టం’ అని. వాటికి ఎవరైనా జవాబు రాశారా?

పెదనాన్న: రాయడానికి పంపినవాడి పేరుంటేగా. అవి వచ్చిన వారం మాత్రం నా కౌంటర్లో పోస్టుకార్డులు గబగబా అమ్ముడుపోయేవి. దేవుడి మహిమ తపాలాశాఖకి దక్కేది. ఇంకోటి ఉండేది. పత్రికలవాళ్ళు చందా కట్టమని కాగితాలు పంపుతూ, జవాబుకి బిజినెస్ రిప్లై కవరు జతచేసేవారు. స్టాంపు అక్కర్లేదు, పోస్టేజీ వాళ్ళే కట్టుకుంటారు. మా ఊళ్ళో ఒక ప్లీడరుగారు ఆ కవర్లో ఇంకో కంపెనీ పంపిన చందా కాగితం పెట్టి పోస్టు చేసేవారు. ఆ కంపెనీ కవర్లో ఈ పత్రిక కాగితం. ‘వాళ్ళిద్దరికీ పరిచయం చేయిస్తున్నానయ్యా, ఇకనుంచి ఒకరికొకరు రాసుకుంటారు’ అనేవారు. కవరు చేరాక పోస్టేజీతోపాటు సేవారుసుము కూడా కంపెనీ కట్టాల్సిందే. జవాబుకి ఖర్చుంటే పంపేవాడికి ఒళ్ళు దగ్గరుంటుంది.

అమ్మాయి: మీ మాటలోనే నా మాట ఉంది. ఇప్పుడు పంపేవాడికి ఖర్చు లేదు. 1978 మే 3న డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో గ్యారీ థ్యూర్క్ అనే మార్కెటింగ్ మనిషి ఆర్పానెట్ అనే తొలినాటి నెట్‌వర్కులో దాదాపు 400 మందికి ఒకే ప్రకటన పంపాడు. మొట్టమొదటి జంక్ మెయిల్ అంటారు దాన్ని. దానికి అడ్రసులన్నీ మనిషి చేత్తో టైపు చేయాల్సి వచ్చింది. అందుకే తిట్టడానికి అవతల ఒక మనిషి దొరికాడు, చాలామంది తిట్టారు కూడా. ఇవాళ మీరు తిడదామన్నా, నవ్విద్దామన్నా అవతల ఎవరున్నారు?

పెదనాన్న: ఉన్నారు. ఆఫ్రికాలో పోయిన ఒక మంత్రిగారి భార్య ఉంది. ఆవిడ లక్షల డాలర్లు నా ఖాతాలో వేస్తానంది. నేను రాశాను, “అమ్మా, నీ దుఃఖంలో పాలుపంచుకుంటున్నాను. డబ్బు వద్దు. మా సంప్రదాయం ప్రకారం ముందు మంత్రిగారి గోత్రం, తిథి చెప్పు, తద్దినం పెట్టిస్తాను. ఆ తర్వాత ఆస్తి మాట్లాడుకుందాం” అని. వాడు గోత్రం అంటే ఏమిటని అడిగాడు. వివరంగా రాశాను. సప్తర్షుల దగ్గర మొదలుపెట్టాను. వాడు భరద్వాజుడి దాకా వచ్చి ఆగిపోయాడు.

అమ్మాయి: (నవ్వుతూ) భగవంతుడా!

పెదనాన్న: నువ్వు నవ్వావు కదా. ఇందులో లాభం కూడా ఉంది. వాడు నాతో గడిపిన గంట ఇంకో పెద్దాయన్ని ముంచడానికి లేకుండా పోయింది.

అమ్మాయి: ఆ మాటకి నా దగ్గర సాక్ష్యం కూడా ఉంది, ఇష్టం లేకపోయినా చెప్పాలి. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో కార్మక్ హెర్లీ అనే ఆయన 2012లో ఒక వ్యాసం రాశాడు. ఈ దొంగలు నైజీరియా అని పచ్చిగా ఎందుకు చెబుతారు, ఇంత నమ్మశక్యం కాని కథ ఎందుకు అల్లుతారు అని. ఆయన లెక్క ఏమిటంటే, ఉత్తరం పంపడానికి ఖర్చు లేదు కానీ జవాబిచ్చిన ప్రతివాడితో మాట్లాడటానికి మనిషి కావాలి. చివరిదాకా వచ్చి డబ్బివ్వకుండా పోయేవాళ్ళతోనే దొంగకి నష్టం. అందుకే కథ ఎంత తలాతోకా లేకుండా ఉంటే అంత మంచిది, తెలివైనవాళ్ళు మొదట్లోనే నవ్వుకుని వదిలేస్తారు. మీరు నవ్వుకుని కూడా వదలని రకం. దొంగ వ్యాపారానికి మీరే అసలు నష్టం.

పెదనాన్న: మరి? నువ్వే నా తరఫు వకీలువైపోయావు!

అమ్మాయి: ఇంకా పూర్తికాలేదు. అది 2012 మాట. తర్వాత ఆ పని చేసేవాళ్ళు మారారు. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో ఒక నివేదిక ఇచ్చింది. మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో సుమారు 1,00,000 మంది ఇలాంటి ఆన్‌లైన్ మోసాలు చేయడానికి నిర్బంధంలో ఉండవచ్చని అందులో ఉంది. ఉద్యోగమని తీసుకెళ్ళి, పాస్‌పోర్టు లాక్కుని, గేటు లోపల పెట్టి టైపు చేయిస్తారు. రోజువారీ టార్గెట్ చేరకపోతే కొడతారు. వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు పెదనాన్నా. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఏజెంట్లని అరెస్టు చేశారు, డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్ళని కంబోడియా పంపినందుకు. మీరు గోత్రం పాఠం చెబుతుంటే అటువైపు తెలుగు వచ్చినవాడే ఉండి ఉండొచ్చు. మీరు వాడి గంట తిన్నారు. ఆ గంటకి లెక్క వాడి వీపు మీద తేలుతుంది.

పెదనాన్న: …ఇది నువ్వు ఫైళ్ళలో చూశావా?

అమ్మాయి: నాకు ఫోన్ చేసేది డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు. అటువైపువాళ్ళ సంగతి తిరిగొచ్చినవాళ్ళు చెబితే పేపర్లో చదివాను.

పెదనాన్న: అయితే మాట ఒకటి తేల్చుకుందాం. దొంగ యజమానిని నవ్వులపాలు చేస్తున్నానని నా లెక్క. కుర్చీలో కట్టేసినవాడు దొరికితే అది హాస్యం కాదు. నవ్వాలంటే అవతలివాడికి కూడా తిరిగి నవ్వే స్వేచ్ఛ ఉండాలి, కోపం వస్తే తిట్టే స్వేచ్ఛ అయినా ఉండాలి. మంత్రిగారి భార్యకి ఇక ఆబ్దికం నా వల్ల కాదు. కానీ వాణ్ణి వదిలేస్తే నీ లెక్క ప్రకారం ఇంకో పెద్దాయన మునుగుతాడు. దానికేం చెబుతావు?

అమ్మాయి: దానికి దారి వేరే ఉంది. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్, లేదా సైబర్‌క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు. డబ్బు పోకముందే అనుమానంగా కాలో, ఎస్సెమ్మెస్సో, వాట్సాప్ సందేశమో వస్తే టెలికాం శాఖవారి సంచార్ సాథీలో ‘చక్షు’ ఉంది, 2024 మార్చిలో పెట్టారు. వట్టి ప్రకటనల గోల అయితే 1909. 2025లో నిబంధన మార్చి ఏడు రోజుల్లోపు ఎప్పుడైనా ఫిర్యాదు చేయొచ్చన్నారు, అంతకుముందు మూడే రోజులు. అక్కడ హాస్యం అక్కర్లేదు, తారీఖు, నంబరు ఉంటే చాలు.

పెదనాన్న: అవునూ, నంబరంటే గుర్తొచ్చింది. మీ పెద్దమ్మ కొత్త సిమ్‌కి ఎవరో అప్పుల వసూలువాళ్ళు ఫోన్ చేస్తున్నారు. పాత నంబరు మూతపడ్డాక 90 రోజులు ఆగి ఇంకొకరికి ఇస్తారటగా. తొంభై రోజుల్లో సిమ్ పాతవాణ్ణి మర్చిపోతుంది కానీ అప్పిచ్చినవాడు మర్చిపోతాడా? ఆవిడ నాలా ఉత్తరాలు రాయదు. ‘బాబూ, వాయిదా సంగతి తర్వాత, ముందు భోంచేశావా?’ అని అడిగింది. ఆ కుర్రాడు తినలేదన్నాడు. కాసేపు కబుర్లయ్యాక ఈ నంబరు ఇప్పుడు మారిందని తనే రాసుకున్నాడు. మళ్ళీ ఫోన్ లేదు.

అమ్మాయి: పెద్దమ్మ పద్ధతికి నేను ఎదురు చెప్పను. కానీ మీ ఉత్తరాల్లో ఇంకో రకం మిగిలింది. మ్యాట్రిమొనీ.

పెదనాన్న: అదా! ఎవరో పెళ్ళికొడుకు నా అడ్రసు ఇచ్చాడు. రోజూ పొద్దున్నే నాకు తగిన వధువులు వస్తున్నారు. నేను రాశాను, “మా ఆవిడతో సంప్రదించాను. ఆవిడకి అభ్యంతరం లేదట. అయితే వచ్చే అమ్మాయి నా బీపీ మాత్రలు, కళ్ళజోడు వెతకడం, కరెంటు బిల్లు, ఈ మూడూ రాతపూర్వకంగా స్వీకరించాలట” అని. పంపిన మరుక్షణం యంత్రం తిప్పికొట్టింది. ‘ఈ మెయిల్‌బాక్సును ఎవరూ చూడరు’ అట.

అమ్మాయి: అది నో-రిప్లై అడ్రసు. రాయడం దండగ. కింద అన్‌సబ్‌స్క్రైబ్ ఉంటుంది, పేరున్న సంస్థ అయితే అది నొక్కండి. పెద్దఎత్తున పంపేవాళ్ళు ఒక్క నొక్కుతో బయటపడే వీలు ఇవ్వాలని జీమెయిల్ 2024లో నిబంధన పెట్టింది. ఊరూపేరూ లేని ఉత్తరమైతే దాన్నీ నొక్కొద్దు, స్పామ్‌లోకి తోసేయండి. ఎవరో మీ అడ్రసుతో తెరిచిన ఖాతాలోకి మాత్రం వెళ్ళకండి. ‘మీ కార్డు పనిచేయలేదు, కొత్త కార్డు వివరాలు ఇవ్వండి’ అని నిజమైన కంపెనీ నుంచే ఉత్తరం వస్తుంది. మీది అనుకుని ఇస్తే వాడి సినిమాల చందా మీరు కడతారు.

పెదనాన్న: నేను నొక్కితే నాకు ఆగుతుంది. ఆ పెళ్ళికొడుకు సంగతి? అక్కడెక్కడో ఒక పిల్ల తండ్రి ‘ఆసక్తి ఉంది’ అని నొక్కి జవాబు కోసం చూస్తుంటాడు. ఆ మాట నా దగ్గర పడి ఉంది. చెప్పడానికి తలుపు లేదు. తన అడ్రసు పెట్టకుండా, జవాబు వద్దని చెప్పి మరీ ఉత్తరం వేసేవాణ్ణి మా శాఖలో ఆకాశరామన్న అనేవాళ్ళం. ఇప్పుడు వాడికి లోగో వచ్చింది. అవునమ్మాయ్, మీ బ్యాంకు ఉత్తరాలు ఎక్కడినుంచి వస్తాయి?

అమ్మాయి: …నో-రిప్లై నుంచే.

పెదనాన్న: అడుగున చిన్నక్షరాల్లో ఏమని ఉంటుంది? నా పేరే గల ఇంకెవరివో మీలాంటి బ్యాంకు ఉత్తరాలు నాకొస్తాయి కాబట్టి నాకు కంఠతా వచ్చు. ‘ఇది పొరపాటున మీకు చేరితే వెంటనే పంపినవారికి తెలియజేసి, చెరిపివేయగలరు.’ పంపినవారు ఎవరు? జవాబు వద్దన్న మహానుభావుడు. తెలియజేయమంటూనే తలుపు మూశారు. మీ కవరు మీద రిమార్కు రాద్దామంటే కవరే లేదు.

అమ్మాయి: వెబ్‌సైట్లో ఫిర్యాదుల అధికారి అడ్రసు ఉంటుంది. 2023 డేటా పరిరక్షణ చట్టంలో తప్పుగా ఉన్న వివరం దిద్దించుకునే హక్కు కూడా పెట్టారు.

పెదనాన్న: హక్కు వివరం ఎవరిదో వాడికి. వాడికి తన ఉత్తరం నా దగ్గరుందనే తెలియదు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. సరే, ఇంకో మాట అడుగుతాను. అడ్రసు రాసుకున్న రోజే ‘ఇది మీరేనా?’ అని ఒక్క ఉత్తరం పంపి, అవునన్నాకే మిగతావి పంపితే ఏం పోతుంది?

అమ్మాయి: ఏమీ పోదు. చాలాచోట్ల అలాగే చేస్తారు. చేయనిచోట కారణం ఒకటే. ఆ ఉత్తరానికి బదులివ్వని వాళ్ళంతా జాబితాలోంచి రాలిపోతారు. జాబితా ఎంత పొడుగుంటే మార్కెటింగ్ వాళ్ళకి అంత గొప్ప. మీరూ, ఆ వధువులూ, ఆ పళ్ళూ అందరూ కలిసే ఆ పొడుగు.

పెదనాన్న: అంటే తప్పు అడ్రసు మీకు తప్పు కాదు, లెక్కలో ఇంకో తల. ఇంత తెలిసీ నన్ను నోరుమూసుకోమంటావు?

అమ్మాయి: నోరుమూసుకోమనట్లేదు. మనిషి చేతి పొరపాటైతే రాయండి, మీ కవిత్వంతో సహా. గేటు లోపల కుర్రాడైతే రాయకండి. యంత్రమైతే రాసినా దండగ.

పెదనాన్న: మొదటి రెండూ ఖాయం. మూడోదానికి ఒప్పుకోను. యంత్రం వెనక జీతం తీసుకునే మనిషి ఉంటాడు. ఫిర్యాదుల అధికారి అన్నావే, ఆ అడ్రసు ఇటివ్వు.

అమ్మాయి: ఎవరిది, మ్యాట్రిమొనీ వాళ్ళదా?

పెదనాన్న: దానితోపాటు మీ బ్యాంకుదీ. ‘ఇది మీరేనా’ అని ముందే అడగమని సూచిస్తూ ఒక అర్జీ రాస్తాను.

అమ్మాయి: ఆ అర్జీలో జోకులుంటాయా పెదనాన్నా? అక్కడ నన్ను అందరూ ఎరుగుదురు.

పెదనాన్న: లేకపోతే ఎవరు చదువుతారే?